పన్నెండో తరగతి సీనియర్ ఫోటోలు: ఏవి తీయించాలి, ఏవి ఉంచుకోవాలి?

ఫ్రిస్కో నుంచి, కొత్తగా వచ్చిన ఒక అమ్మ:

అందరికీ నమస్కారం. మేము హైదరాబాద్ నుంచి టెక్సాస్‌లో డాలస్ దగ్గరున్న ఫ్రిస్కో వచ్చి పది నెలలైంది. మా అమ్మాయి ఆగస్టులో పన్నెండో తరగతిలోకి వెళ్తుంది. ఇక్కడ పన్నెండో తరగతి వాళ్ళని సీనియర్లంటారట, సీనియర్ పోర్ట్రెయిట్‌కి అపాయింట్‌మెంట్ తీసుకోమని స్కూల్ నుంచి ఈమెయిల్ వచ్చింది. లింక్ తెరిస్తే డ్రేప్, టక్సీడో, క్యాప్ అండ్ గౌన్, అవుట్‌డోర్, ప్యాకేజీలు అంటూ పెద్ద జాబితా ఉంది. మన దగ్గర హాల్ టికెట్ కోసం ఒక పాస్‌పోర్ట్ సైజు ఫోటో, ఫేర్‌వెల్ రోజున చీరల్లో ఒక గ్రూప్ ఫోటో, అంతే కదా. ఇవన్నీ తప్పనిసరా? ఎన్ని రకాలు తీయించాలి? మా అమ్మాయేమో "నాకిక్కడ ఫ్రెండ్సే లేరు, నాకెందుకమ్మా ఫోటోలు" అంటోంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఇంకా టెన్షన్‌గా ఉంది.

ప్లేనో నుంచి:

అమ్మా, మా ఇద్దరు పిల్లలవీ అయిపోయాయి. అమ్మాయి 2019 బ్యాచ్, అబ్బాయి 2023. మీ ఈమెయిల్‌లో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. వాటిని విడదీసుకుంటే సగం కంగారు తగ్గుతుంది.

మొదటిది ఇయర్‌బుక్ ఫోటో, అంటే స్కూల్ ఏటా పిల్లల ఫోటోలతో వేసే పుస్తకంలోది. ఇది మాత్రం వదలకండి. చాలా స్కూళ్ళలో దీన్ని స్కూల్ కుదుర్చుకున్న స్టూడియోయే తీయాలి. సీనియర్లందరికీ ఒకే రకం బట్టలు, ఒకే రకం బ్యాక్‌గ్రౌండ్. తీయించుకోకపోతే పుస్తకంలో ఆ పిల్ల పేరు పక్కన ఖాళీ ఉండిపోతుంది, లేదా పేరు చివరి పేజీలకు వెళ్తుంది. గడువు ఎప్పుడో ఈమెయిల్‌లో వెతికి క్యాలెండర్‌లో రాసుకోండి.

రెండోది మిగతావన్నీ. పార్కులో, ఇంట్లో, పట్టుబట్టల్లో, ఎక్కడైనా. అవి పూర్తిగా మీ ఇష్టం. అదే స్టూడియోకి వెళ్ళనక్కర్లేదు, అన్ని ప్యాకేజీలూ కొననక్కర్లేదు. కాలేజీ దరఖాస్తుకి ఫోటో కావాలేమోనని కొందరు పెద్ద ప్యాకేజీ తీసుకుంటారు. చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు చేసుకునే కామన్ యాప్‌లో ఫోటో అడగరు.

ఇయర్‌బుక్ ఫోటోకి ఆడపిల్లలకు వేసే డ్రేప్ అంటే నల్లటి వెల్వెట్ గుడ్డ. భుజాల కిందుగా చుట్టి వెనక క్లిప్పు పెడతారు. మెడ, భుజాలు కనిపిస్తాయి. మన పిల్లలు కొందరు అక్కడికి వెళ్ళాక అది చూసి బిగుసుకుపోతారు. ముందే చెప్పి, లోపలికి పట్టీలు కనిపించని టాప్ వేసి పంపండి. ఇబ్బందిగా ఉందంటే ఇంకొంచెం పైకి కట్టమని అడగొచ్చు. కట్టడానికి ఆడవాళ్ళే కావాలని కూడా అడగొచ్చు. రోజూ బొట్టు పెట్టుకునే పిల్లయితే బొట్టు తీయించకండి. ఎప్పటికైనా ఆ పుస్తకం తెరిస్తే తన ముఖమే తనకు కనిపించాలి.

ఇంకో మాట గట్టిగా చెప్తాను. రిటచింగ్ అని ఒక గడి ఉంటుంది. మొటిమలు తీసేస్తే తప్పులేదు. కానీ మా అమ్మాయి ఫోటోలు చేతికొచ్చాక చూస్తే చామనచాయ పిల్ల పాలిపోయినట్టు ఉంది. గడ్డం మీద చిన్నప్పుడు ఊయల తగిలిన మచ్చ కూడా మాయమైంది. "ఇది నేను కాదు" అని ఏడ్చింది. మళ్ళీ ప్రింట్ చేయించాం. అందుకే ముందే రాసివ్వండి: రంగు మార్చవద్దు, మచ్చలు తీయవద్దు, మొటిమలు మాత్రమే.

ఇక మీరడిగిన "ఎన్ని రకాలు". మా అమ్మాయికి నాలుగు జతల బట్టలతో తీయించాం. నాలుగింట్లోనూ అదే నవ్వు, అదే తల వంపు, అదే చెట్టు. తెనాలిలో మా అమ్మ చూసి, "బట్టలు మార్చారు గానీ పిల్లని ఒకేలా కూర్చోబెట్టారేమే" అంది. ఆ మాట నాకు బాగా పట్టుకుంది. మా అబ్బాయి వంతు వచ్చేసరికి బట్టల సంగతి తర్వాత చూద్దామని, వాడి రోజు ఎలా గడుస్తుందో రాసుకున్నాం. మృదంగం సాధన. రాత్రి వంటింట్లో నిలబడి పెరుగన్నం తినడం. పాత సైకిల్. శనివారం ఫుడ్ బ్యాంక్‌లో పని. వాటిలోంచి మూడు తీసుకున్నాం. మృదంగం ముందు వాడు కెమెరా వైపు చూడలేదు, చేతి వైపు చూశాడు. మా ఇంట్లో గోడ మీద ఉన్నది అదే.

మీ అమ్మాయికి ఫ్రెండ్స్ లేరంటే ఈ పది నెలలూ ఎక్కడ గడిపిందో అడగండి. లైబ్రరీలోనా? బస్సు కోసం నిలబడే చోటా? మీ అపార్ట్‌మెంట్ మెట్ల మీదా? అక్కడే ఒకటి తీయించండి. ఫోటోల్లో కొందరు వేసుకునే లెటర్‌మన్ జాకెట్, అంటే స్కూల్ గుర్తున్న జాకెట్, అందరికీ ఉండదు. ఆటల్లోనో బ్యాండ్‌లోనో సంపాదించుకున్నవాళ్ళు వేసుకుంటారు. లేనివాళ్ళు ఎవరిదో అడిగి వేసుకోవాల్సిన పని లేదు. ఈ ఏడాది తను ఎలా ఉందో అలాగే రానివ్వండి.

మెకిన్నీ నుంచి, ఫోటోగ్రఫీ హాబీగా ఉన్న ఒక నాన్న:

అక్క చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను వెలుగు గురించి, ఎండ గురించి చెప్తాను.

ఇక్కడ జులైలో మధ్యాహ్నం బయట తీస్తే కళ్ళు చికిలించడం, చెమట, ముక్కు కింద నల్ల నీడ తప్ప ఏమీ రావు. జులై మొదట్లో మనకు సూర్యాస్తమయం రాత్రి 8:40 ప్రాంతంలో. ఏడున్నరకు మొదలుపెడితే సరిగ్గా కుదురుతుంది. నన్నడిగితే స్టూడియో ఫోటో వేసవిలో కానిచ్చి, బయటవి అక్టోబరు చివరికో నవంబరుకో ఉంచండి. ఎండ మెత్తబడుతుంది, నవంబరులో ఆకులు రంగు మారతాయి. నవంబరు మొదట్లో గడియారాలు వెనక్కి తిప్పాక అయిదున్నరకే చీకటి పడుతుంది, అది మర్చిపోయి ఆరింటికి బుక్ చేసుకోకండి. ఇక్కడ వసంతంలో పూసే నీలి బ్లూబోనెట్ పూలు కావాలంటే మార్చి చివర, ఏప్రిల్ మొదట. క్యాప్, గౌన్ కూడా చాలామందికి ఆ ప్రాంతంలోనే చేతికొస్తాయి కాబట్టి ఆ రెండూ ఒకేసారి అయిపోతాయి. ఏ కాలేజీయో మే 1 లోపు తేల్చుకుంటారు కదా, ఆ కాలేజీ టీషర్టుతో ఫోటో ఆ తర్వాతే.

చోటు ఒకటే అయినా వెలుగు, దూరం మారితే ఫోటో మారుతుంది. ముఖం దగ్గరగా ఒకటి, నడుము దాకా ఒకటి, చుట్టుపక్కలంతా కనిపించేలా దూరం నుంచి ఒకటి. మెకిన్నీ పాత డౌన్‌టౌన్‌లో ఇటుక గోడల పక్కన ఒక్క వీధిలోనే ఈ మూడూ వస్తాయి. డాలస్ ఆర్బొరేటమ్ లాంటి పెద్ద తోటలకి వెళ్ళేముందు ఫోటోలకు అనుమతి, రుసుము ఏమిటో అడగండి. గుడిలో తీయాలన్నా ముందు ఆఫీసులో అడగడం మర్యాద.

పట్టు లంగా ఓణీ వేస్తే జరీ మీద ఫ్లాష్ తెల్లగా కొడుతుంది. నీడ పట్టున తీయమనండి. వేసవిలోనే తీయాల్సి వస్తే కంచి పట్టు వద్దు, మంగళగిరి కాటన్ హాయిగా ఉంటుంది. కళ్ళద్దాలుంటే గడ్డం కొంచెం దించితే మెరుపు పోతుంది, అద్దాలు తీసేయనక్కర్లేదు.

చాలామంది ఆలస్యంగా తెలుసుకునేది ఒకటుంది. చాలా కెమెరాల్లో ఫోటో 2:3 కొలతలో వస్తుంది. 8x10 ప్రింట్ 4:5. అంటే పొడుగు వైపున కొంత కోసేస్తారు. మా అబ్బాయి క్రికెట్ బ్యాట్ కొన అలాగే పోయింది. తీసేటప్పుడే చుట్టూ కాస్త ఖాళీ వదలమని చెప్పండి, లేదా 8x12 వేయించుకోండి. ఇంకొకటి, ఇక్కడ ఫోటో మీద హక్కు మామూలుగా తీసినవాళ్ళదే. మనం ప్రింట్ వేయించుకోవచ్చని వాళ్ళు రాసిచ్చే ప్రింట్ రిలీజ్ అనే కాగితం అడిగి తీసుకోండి. అది లేకపోతే వాల్‌గ్రీన్స్ లాంటి దుకాణంలో ప్రింట్ వేయడానికి ఒప్పుకోకపోవచ్చు.

ఆస్టిన్ నుంచి, కాలేజీ విద్యార్థిని:

ఆంటీ, నేను పదకొండో తరగతి మధ్యలో విజయవాడ నుంచి వచ్చాను. నేనూ సరిగ్గా అదే మాట అన్నాను, "నాకెందుకు" అని. నిజానికి నాకు ఫోటోల మీద కోపం లేదు. అందరూ గుంపులుగా తీయించుకుంటుంటే నేను ఒక్కదాన్నే అమ్మతో వెళ్ళాలని సిగ్గుగా ఉండేది. ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకునేవాళ్ళ ఈఎస్ఎల్ క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయి వియత్నాం నుంచి వచ్చింది. తనకీ అదే పరిస్థితి. ఇద్దరం కలిసి ఒకే రోజు బుక్ చేసుకున్నాం. అమ్మ మమ్మల్ని దింపి కారులో కూర్చుంది. అప్పటిదాకా రాని నవ్వు అప్పుడు వచ్చింది.

పర్సులో పట్టే వ్యాలెట్ సైజువి ఒక చిన్న షీట్ తీసుకోండి. వెనక రెండు ముక్కలు రాసి ఇచ్చిపుచ్చుకుంటారు. నేను ఎనిమిదే ఇచ్చాను, అందులో ఒకటి లైబ్రేరియన్‌కి. చాలు ఆంటీ. లెక్క పెద్దది కానక్కర్లేదు.

ఫ్రిస్కో నుంచి, మొదట అడిగిన అమ్మ:

ఇవన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను. ఆస్టిన్ అమ్మాయి రాసింది మాత్రం తనే ఫోన్ తీసుకుని రెండుసార్లు చదువుకుంది. నిన్న రాత్రి తనంతట తనే వచ్చి, లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీలో ఒకటి, వీణతో ఒకటి తీయించుకుంటానంది. వీణ మా అత్తగారిది. విమానంలో తీసుకొచ్చేసరికి నా ప్రాణం పోయినంత పనైంది. ఒక్క సందేహం అక్కా. తీసినవాటిలో ఏవి ఉంచుకోవాలో ఎవరు తేల్చాలి? ఇయర్‌బుక్‌లో తల్లిదండ్రుల ప్రకటన అని కూడా ఉంది, అదేమిటి?

ప్లేనో నుంచి:

వీణ అంటే ఎంత సంతోషంగా ఉందో. మెకిన్నీ తమ్ముడు చెప్పినట్టు అటు కుండ, ఇటు యాళి ముఖం రెండూ పూర్తిగా పడేలా ఖాళీ వదిలించండి.

ఎంపిక సంగతి. స్టూడియో వాళ్ళు ఫోటోలు చూసుకునే లింక్ పంపిన రోజే కొనమని తొందర పెడతారు, తగ్గింపు ఇవాళ్టితో అయిపోతుందంటారు. ఒక్క రాత్రి ఆగండి. మీరు, మీ వారు, అమ్మాయి విడివిడిగా ఒకరికొకరు చూపించుకోకుండా పదేసి గుర్తు పెట్టుకోండి. ముగ్గురూ ఎంచినవి ముందు పక్కన పెట్టండి. తర్వాత వాటిని ల్యాప్‌టాప్‌లో పక్కపక్కన వేసి చూడండి. రెండు ఫోటోల్లో తల ఒకే వైపు వంగి, నవ్వు ఒకేలా ఉంటే ఒకటి తీసేయండి, ఎంత బాగున్నా సరే. నవ్వనిది ఒక్కటైనా ఉంచండి. మనకు ఆ ఫోటో మొదట నచ్చదు, "ఏమిటే అంత దిగులుగా" అంటాం. పిల్లలు మాత్రం దాన్నే తమదనుకుంటారు. అమ్మాయి వద్దన్నది మీకెంత నచ్చినా వద్దు. మిగిలినవాటిలో ఏది ఎవరికో అనుకుంటూ చూస్తే తేలిక: ఇయర్‌బుక్‌కి ఒకటి, గ్రాడ్యుయేషన్ కార్డుకి నిలువుగా ఉన్నది ఒకటి, గోడకి ఒకటి, వీణ ఉన్నది మీ అత్తగారికి. మాకు అరవై పైచిలుకు వస్తే తొమ్మిది ఉంచుకున్నాం.

తల్లిదండ్రుల ప్రకటన అంటే ఇయర్‌బుక్ వెనక పేజీల్లో డబ్బు కట్టి మన పిల్లకు రాసుకునే నాలుగు మాటలు, చిన్నప్పటి ఫోటోలతో సహా. పావు పేజీ, అర పేజీ అని ఉంటాయి. పావు పేజీ చాలు. మీ పాప అన్నప్రాసనదో, అక్షరాభ్యాసందో, పలక మీద చెయ్యి పట్టుకుని దిద్దిస్తున్నది ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. మాటలు తెలుగులో వేస్తారా అని మా స్కూల్లో అడిగితే బొమ్మలా చేసి పంపమన్నారు, పంపితే వేశారు. మీరూ అడిగి చూడండి.

దీని గడువు చాలాచోట్ల శరదృతువులోనే అయిపోతుంది. ఆ ఆల్బమ్ హైదరాబాద్‌లో ఎవరింట్లో ఉందో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి. ప్లాస్టిక్ కింద అట్టకు అతుక్కుపోయి ఉంటే లాగవద్దని చెప్పండి, చిరిగిపోతుంది. కిటికీ దగ్గర, లైటు వేయకుండా, పైనుంచి తిన్నగా ఫోన్‌తో తీసి, వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. అలా పంపితే ముద్రణకు సరిపడా స్పష్టంగా వస్తుంది.