‘ఇంటర్న్‌మెంట్ క్యాంపు’కు తెలుగు: ఖైదా, నిర్బంధమా, చెరా?

సభ్యులకు నమస్కారం. యుద్ధకాలంలో విచారణ లేకుండా పౌరులను బంధించి ఉంచే ‘ఇంటర్న్‌మెంట్ క్యాంపు’ను తెలుగులో ఏమనాలన్న నిన్నటి ప్రశ్నకు కొందరు ‘జైలు’ అనీ, కొందరు ‘ఖైదీల శిబిరం’ అనీ బదులిచ్చారు. రెంటితోనూ నాకు పేచీ ఉంది. ఖైదీ అనగానే నేరం, విచారణ, శిక్ష వరుసగా స్ఫురిస్తాయి. కానీ 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన 9066వ ఉత్తర్వును ఆధారం చేసుకొని, అమెరికా పడమటి తీరం నుండి తరలించి ముళ్లకంచెల నడుమ ఉంచిన సుమారు 1,20,000 మంది జపాను సంతతివారిలో మూడింట రెండు వంతులమంది అమెరికా పౌరులే. వారిపై నేరారోపణ లేదు, విచారణా లేదు. 1962 యుద్ధకాలంలో మన రాజస్థాన్‌లోని దేవలీకి తరలించిన చైనా సంతతివారి సంగతీ అంతే. పట్టుబడిన సైనికునికి ‘యుద్ధఖైదీ’ అనే మాట స్థిరపడింది, దానితో తగవు లేదు, చిక్కంతా పౌరులతోనే.

‘నిర్బంధం’ కొంత మేలు. అయితే ‘నిర్బంధ విద్య’ అన్నప్పుడు అది బలవంతాన్ని చెబుతుందే కాని బంధించడాన్ని చెప్పదు.

నా మనసు ‘చెర’ వైపు మొగ్గుతుంది. పాత రాతలో ఇది శకటరేఫంతో ‘చెఱ’. మా చిత్తూరు సరిహద్దులో తమిళులు ‘సిఱై’ అన్నా, కన్నడిగులు ‘సెరె’ అన్నా మాకు వెంటనే తెలిసిపోయేది ఇందుకే. అరబ్బీ నుండి వచ్చిన ‘ఖైదు’లో తప్పు లోపలివాడిదిగా తోస్తుంది, సీత చెరలో ఉన్నదంటే తప్పు రావణునిదని పసిపిల్లలకు కూడా తెలుసు.

పలమనేరు మిత్రులొకరు, పైరు మేసిన పశువులను కట్టిపడేసే ‘బందెలదొడ్డి’ని సూచించారు. చమత్కారం బాగుంది గాని, అందులోని పశువు ఎవరి పైరో మేసి ఉంటుంది, యజమాని జుల్మానా కడితే బయటికి వస్తుంది. ఈ మనుషులకు ఆ దారి కూడా లేదు.

‘చెర శిబిరం’ అంటే తెలుగు మాటకు సంస్కృత పదాన్ని అతికిన వైరిసమాసమని పండితులు ఆక్షేపిస్తారు. ‘చెరవిడిది’ అందామంటే, తిరుపతిలో విడిది అనగానే పెళ్ళివారే గుర్తుకువస్తారు. పైగా ‘చెరపట్టు’ అనే క్రియకు నేటి పత్రికల్లో స్త్రీలపై అత్యాచారమనే అర్థం బలపడింది. అందువల్ల చోటును ‘నిర్బంధ శిబిరం’ అనీ, అందులోనివారిని ‘ఖైదీలు’ అనకుండా ‘చెరలో ఉంచిన పౌరులు’ అనీ రాయవచ్చునని నా ప్రతిపాదన.