చేతిలో పట్టే కంప్యూటర్‌కి లైట్లు ఎన్ని? పక్కన ఏం రాయాలి?

డబ్బా_కడుతున్నా
అందరికీ నమస్కారం. రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టి చేతిలో పట్టే కంప్యూటర్ ఒకటి కడుతున్నాను. 3.5 అంగుళాల తెర, కింద చిన్న కీబోర్డు, పక్కన ఒక మైకు, 3000 ఎంఏహెచ్ బ్యాటరీ, ఛార్జింగ్‌కి అందరూ వాడే టీపీ4056 బోర్డు. డబ్బా మూడోసారి 3డీ ప్రింటర్‌లో ప్రింట్ చేయబోతున్నా. ప్రింటయ్యాక బెజ్జం కావాలంటే డ్రిల్లే గతి. పోయినసారి అలా చేస్తేనే ఒక మూల చీలింది. అందుకే ఈ గొడవ ఇప్పుడే తేలాలి.

నా వాదన: లైట్లే వద్దు. అంత తెర పెట్టుకుని పక్కన మళ్లీ మిణుకు మిణుకు చుక్కలెందుకు? ఐఫోన్‌కి నోటిఫికేషన్ లైటు ఏనాడూ లేదు. గెలాక్సీ ఎస్ ఫోన్లలో ఉండేది, 2019లో ఎస్10తో అదీ పోయింది. ఎవరూ చచ్చిపోలేదు.

మా తమ్ముడు నాలుగు కావాలంటాడు: పవర్, ఛార్జింగ్, వైఫై, మెమరీ కార్డు. నాలుగూ నాలుగు రంగులు. పైగా ఆఫ్ చేసినా టీవీకి ఉన్నట్టు ఎర్ర చుక్క వెలుగుతూనే ఉండాలట. వాడు గీసిన బొమ్మ చూస్తే వినాయక చవితి పందిరి గుర్తొచ్చింది. పక్కన రాత ఇంగ్లిషా, తెలుగా, ఉత్త గుర్తులా అన్నది రెండో గొడవ. తలా ఒక మాట చెప్పండి.

కోఠి_కరెంట్
తెర ఉంది కదా అంటున్నవ్ తమ్మీ. తెర నల్లగైనప్పుడు ఎవర్ని అడుగుతవ్? ఆఫ్ అయిందా, తెర ఒక్కటే ఆరిందా, హ్యాంగయిందా, బ్యాటరీ అయిపోయిందా? నాలుగూ ఒక్క తీరుగనే కనబడ్తయ్.

నా సంగతి చెప్త. గుజరాతీ గల్లీల సామాన్లు కొని నేను గూడ ఇసొంటిదే కట్టిన. లైటు పెట్టలే. తెర ఆరింది, బందయిందనుకుని కార్డు గుంజిన. లోపల ఇంకా రాస్తనే ఉన్నదట. ఆర్నెల్ల ఫొటోలు పోయినయ్. బోర్డు మీద పచ్చ లైటు అప్పుడు టకటక కొట్టుకుంటనే ఉండొచ్చు, గని అది డబ్బా లోపల. ఎవడు చూసిండు?

రాస్ప్‌బెర్రీ పై బోర్డు మీది లైటును చిన్నగ చూడకు. బూట్ కాకుంటె అది లెక్క పెట్టి మరీ చెప్తది. 7 సార్లు కొట్టుకుంటె కెర్నెల్ ఫైలు దొరకలేదని, 4 సార్లయితే స్టార్ట్ ఫైలు దొరకలేదని. తెర ఇంకా లేవనే లేదు, తెర మీద ఎట్ల చెప్తవ్? సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్ల ఒక్క లైను రాస్తె, కార్డు నడుస్తున్నదని చెప్పే మిణుకును నీకిష్టమైన పిన్నుకు మళ్లించొచ్చు. అది బయటికి తే. మిగతా పందిరి నీ ఇష్టం.

రాత్రి_డ్యూటీ
లైట్లు వద్దన్న ఆ తమ్ముడికే నా ఓటు. నేను ఆస్పత్రిలో నర్సుని, వారంలో నాలుగు రాత్రులు డ్యూటీ. పగలు కర్టెన్ వేసుకుని పడుకుంటే రౌటర్, ఛార్జర్, స్పీకర్, దోమల మిషన్ అన్నీ నన్నే చూస్తుంటాయి. మా ఇంట్లో నీలం లైటున్న ప్రతి వస్తువుకీ స్టిక్కర్ బొట్టు ఉంటుంది. పెద్ద సైజు, మెరూన్. నల్లటేపు కంటే అదే నయం, జిగురు మరక మిగలదు.

ఈ నీలం ఒకప్పుడు లేదు. మా చిన్నప్పుడు రేడియోకి ఎర్ర చుక్క ఒకటే. 1990ల్లో జపాన్‌లో బాగా వెలిగే నీలం ఎల్ఈడీ తయారైంది, దానికి 2014లో ముగ్గురికి నోబెల్ కూడా ఇచ్చారు. సంతోషం. కానీ అప్పట్నుంచి ప్రతి డబ్బాకీ అదే ఫ్యాషన్. చీకట్లో మన కన్ను ఎరుపు కంటే నీలం వైపు రంగుల్నే ఎక్కువ పట్టుకుంటుంది. పగలు ముద్దుగా ఉన్న చుక్క రాత్రి టార్చిలైటు అవుతుంది. పెట్టి తీరాలంటే ఎరుపో కాషాయమో పెట్టండి, అదీ మసగ్గా.

మిరప_చేను
అక్కా, మీరు ఎరుపంటారు, ఇంకొకరు పచ్చంటారు. నాకు రెండూ ఒకటే.

నాకు ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. మాది గుంటూరు జిల్లా, మిరప పండిస్తాం. చిన్నప్పుడు కోతకి వెళ్తే అందరూ దూరం నుంచే పండు కాయ చూసి చెయ్యేసేవాళ్లు. నేను చెట్టు దగ్గర వంగి, ఒక్కో కాయ పట్టుకుని చూడాలి. బద్ధకం అని నాన్న తిట్టేవాడు. ఇంటర్‌లో డాక్టర్ చుక్కల పుస్తకం చూపిస్తేగానీ అసలు విషయం తెలియలేదు. ఐరోపా మూలాలున్న మగవాళ్లలో పన్నెండు మందిలో ఒకరికి ఇలా ఉంటుందంటారు. మన దగ్గర అంత లేకపోయినా, తక్కువేం కాదు.

ఇప్పుడు నా పవర్ బ్యాంకు చూడండి. ఒకే బెజ్జంలో రెండు రంగులు: ఎరుపంటే ఎక్కుతోంది, పచ్చంటే నిండింది. నాకు ఎప్పుడూ ఒకే బురద రంగు. రాత్రంతా పెట్టి పొద్దున మా ఆవిడని అడుగుతా. సిగ్నల్ దగ్గర మాత్రం నాకు ఇబ్బంది లేదు, ఎందుకంటే ఎరుపు పైన, పచ్చ కింద. చోటుని బట్టి తెలుస్తుంది. కాబట్టి అన్నా, ఒకే బెజ్జంలో రెండు రంగులు మాత్రం పెట్టొద్దు. రెండు బెజ్జాలు పెట్టు. రంగు నీకు నచ్చింది వేసుకో.

బే_ఏరియా_బాబాయ్
రంగులకి ఒక ప్రమాణం ఉంది. ఇంజనీర్ల సంఘం ఐఈఈఈ వేసింది, 1621 అని 2004లో వచ్చింది. ఆన్‌లో ఉంటే పచ్చ, నిద్రలో ఉంటే కాషాయం, ఆఫ్ అంటే ఏదీ వెలగకూడదు. కొత్తగా కనిపెట్టకండి. మిరప_చేను చెప్పింది నిజమే కాబట్టి రంగుతో పాటు లయ కూడా ఇవ్వండి: నిద్రలో నెమ్మదిగా ఊపిరి తీసినట్టు, బ్యాటరీ తక్కువైతే వెంట వెంటనే రెండు మిణుకులు. ఒక్క లైటు చాలు.

ఆఫ్‌లో కూడా ఎర్ర చుక్క కావాలన్న తమ్ముడికి ఒక లెక్క. లైటుకి 2 మిల్లీ ఆంపియర్లు అనుకో. రోజుకి 24 గంటలు, నెలకి 30 రోజులు: 1440 ఎంఏహెచ్. నీ బ్యాటరీలో దాదాపు సగం, ఒక చుక్కకే నైవేద్యం! అదే లైటు మూడు సెకన్లకోసారి 50 మిల్లీసెకన్లు మాత్రమే వెలిగితే నెలకి 24. ఇక నీ రాస్ప్‌బెర్రీ పై జీరోకి నిజమైన నిద్ర, అంటే సస్పెండ్, అసలు లేదు. షట్‌డౌన్ చేసినా కరెంటు కొంత తాగుతూనే ఉంటుంది. అందుకని బ్యాటరీని తెంచే స్విచ్ ఒకటి విడిగా పెట్టు. అప్పుడు స్విచ్ ఏ వైపు ఉందో చూస్తే చాలు, ఆఫ్‌కి లైటే అక్కర్లేదు.

మిరప_చేను
బాబాయ్, లయ బాగానే ఉంటుంది, మనిషి నిలబడి చూస్తే. నేను దారిన పోతూ ఒక్క చూపు చూస్తా. ఆ క్షణం ఆరి ఉంటే? ఊపిరి పీల్చేదాకా ఎదురుచూడాలా?

బే_ఏరియా_బాబాయ్
మూడు సెకన్లు ఆగలేవా నాయనా.

మిరప_చేను
చేలో మందు కొడుతూ ఫోన్ చూసుకునేవాణ్ణి అడుగుతున్నారు.

డబ్బా_కడుతున్నా
కార్డు సంగతికి నా దగ్గర జవాబు లేదు. కోఠి అన్నా, ఒప్పుకున్నా. టీపీ4056 గురించి నేనే మర్చిపోయిన మాట ఒకటి: దాని మీద రెండు లైట్లు ముందే ఉన్నాయి, ఎక్కుతుంటే ఒకటి, నిండితే ఒకటి, విడివిడిగా. చిప్పే వాటిని నడుపుతుంది, కంప్యూటర్ పూర్తిగా చచ్చినా అవి పనిచేస్తాయి. మిరప_చేను అడిగిన రెండు బెజ్జాలు ఉచితంగా వచ్చినట్టే. బాబాయ్ చెప్పిన లయ కావాలంటే మధ్యలో ఇంకో చిన్న చిప్ పెట్టి దానికి ప్రోగ్రామ్ రాయాలి, అది హ్యాంగయితే మళ్లీ మొదటికొస్తాం. ఇక రాత సంగతి?

ఒత్తులమ్మాయి
డీటీపీలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను, ఇది నా గొడవ. తెలుగులో రాయండి, కానీ ఏ మాట రాస్తున్నారో చూసుకోండి.

డబ్బా అంచు మీద మీకు మిగిలేది రెండు మిల్లీమీటర్ల ఎత్తు అనుకుందాం. అంటే దాదాపు 6 పాయింట్లు. ఇంగ్లిష్ పెద్దక్షరాలకి ఆ ఎత్తు మొత్తం అక్షరానికే పోతుంది. మనకి అలా కాదు. పైన గుడి, కింద వత్తు. రెండింటికీ చోటిస్తే అసలు అక్షరానికి మిగిలేది సగం. "ఛార్జింగ్" తీసుకోండి. ర మీద గుడి, కింద జ వత్తు. ఛకీ చకీ తేడా కింద ఉండే చిన్న గీత ఒక్కటే. చివర పొల్లు. ఆ సైజులో అచ్చేస్తే చీమ చచ్చినట్టుంటుంది. "విద్యుత్తు" ఇంకా ఘోరం. "బ్యాటరీ"కి మొదటి అక్షరంలోనే య వత్తు.

కాబట్టి వత్తు లేని మాటలు ఏరుకోండి. నిన్న భోజనాల వేళ కూర్చుని ఏరాను:

ఎక్కుతుంటే: కరెంటు
ఎక్కడం అయిపోతే: నిండింది
కార్డు దగ్గర: తీయకు

ఒక్కదానికీ వత్తు లేదు. పైగా మన క్రియ ఒక్క మాటలో వాక్యం అయిపోతుంది. "నిండింది" అంటే ఏం నిండింది అని ఎవరూ అడగరు. ముందు కార్డు లైటుకి "పని" అనుకున్నాను. కానీ ఆ సైజులో ప, వ ఒకటైపోయి "వని" అని చదివారు మా ఆఫీసులో.

బే_ఏరియా_బాబాయ్
తెలుగు చదవడం రాని వాడి చేతికిస్తే? మెరుపు గుర్తు ప్రపంచమంతా తెలుసు కదమ్మా.

ఒత్తులమ్మాయి
తెలుసా అండీ? కెమెరాలో మెరుపంటే ఫ్లాష్. ట్రాన్స్‌ఫార్మర్ మీద మెరుపంటే ముట్టుకుంటే పోతావని. ఫోన్లో ఛార్జింగ్. మనం ముందే నేర్చుకున్నాం కాబట్టి తెలుసనుకుంటున్నాం.

బొత్తాల_రాజు
గుర్తులూ అంతే, అక్షరాలూ అంతే. నింటెండో ప్యాడ్‌లో 'ఏ' బొత్తాం కుడివైపు, 'బీ' కింద. ఎక్స్‌బాక్స్‌లో 'ఏ' కింద, 'బీ' కుడివైపు. రెండూ ఆడేవాడు సేవ్ చేయబోయి వెనక్కి పోతాడు. ప్లేస్టేషన్‌లో జపాన్ వాళ్లకి ○ అంటే సరే, బయటి దేశాలకి × అంటే సరే. పీఎస్5తో 2020లో జపాన్‌కి కూడా ×నే సరే చేశారు. పాతికేళ్ల అలవాటు ఒక్క రోజులో తిరగబడింది.

సంబంధం లేకపోయినా ఒక మాట: 1989 గేమ్‌బాయ్‌కి తెర పక్కన ఒక ఎర్ర చుక్క ఉండేది. సెల్లులు అయిపోతుంటే అదే మెల్లగా మసకబారేది, నూనె తగ్గిన దీపంలా. ప్రోగ్రామ్ లేదు, లయ లేదు. 1996లో గేమ్‌బాయ్ పాకెట్ లైటు లేకుండా వచ్చింది. తరవాత తయారైన వాటికి మళ్లీ పెట్టారు. డబ్బా అన్నా, నువ్వు ఇప్పుడు నడుస్తున్న దారిలో ముప్పై ఏళ్ల కిందటే ఒకళ్లు నడిచి వెనక్కొచ్చారు.

డెలివరీ_దాసు
నేను కొరియర్ స్కానర్‌తో రోజుకి వందా నూటయాభై పార్సిళ్లు కొడతా. కంపెనీ పేరెందుకులెండి. దాని మీద మూడు లైట్లు, కింద ఇంగ్లిష్‌లో ఏవో మాటలు. నాకిచ్చేసరికే ఆ మాటలు చెరిగిపోయాయి, ముందువాడి బొటనవేలు అక్కడే ఆనేది. కాషాయం లైటు వెలిగితే ఏంటో మా హబ్‌లో ఎవరికీ తెలియదు. బ్యాటరీ వేడెక్కిందని ఒకడు, నెట్ లేదని ఒకడు. ఎనిమిది నెలలు అలాగే నడిపా. తెలుగో ఇంగ్లిషో తరవాత సంగతి సార్. బొటనవేలు పడే చోట రాయకండి, రాసినా పైపైన అచ్చు కాకుండా లోపలికి చెక్కించండి.

ఇంకోటి. మే నెల ఎండలో ఆ లైట్లు అసలు కనబడవు. అరచెయ్యి అడ్డం పెట్టి చూడాలి.

కోఠి_కరెంట్
దాసన్న చెప్పినంక ఇంకోటి యాదికొచ్చింది. మన ఈసీఐఎల్‌ల చేసే ఓటు మిషన్ చూడున్రి. బటన్ నొక్కితె ఆ పేరు పక్కనే ఎర్ర లైటు, ఒక బీప్. లైటు కింద రాత లేదు, అది ఎవరి పక్కన వెలిగిందో అదే అర్థం. కార్డు లైటు గూడ కార్డు పెట్టే సందు పక్కనే పెడితె సగం రాత అవసరమే లేదు. నాలుగు తెచ్చి ఒక మూల వరుసగ పెడ్తేనే ఏది దేనిదో రాయాల్సొస్తది.

బే_ఏరియా_బాబాయ్
అది మాత్రం నూటికి నూరుపాళ్లు. లైటు దాని వస్తువు పక్కనే ఉండాలి.

మైకు ఉందన్నావు, దాని సంగతి ఎవరూ ఎత్తలేదే? ఐఓఎస్ 14 నుంచి, ఆండ్రాయిడ్ 12 నుంచి మైకు ఆన్ అయితే తెర మీద చుక్క వస్తుంది. మంచిదే, కానీ ఆ చుక్కని గీసేదీ సాఫ్ట్‌వేరే. లాప్‌టాప్ కెమెరాకి విడిగా లైటున్నా నమ్మలేం. 2013లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు పాత మ్యాక్‌బుక్‌లలో కెమెరా నడుస్తున్నా లైటు వెలగకుండా చేసి చూపించారు, కెమెరా లోపలి ప్రోగ్రామ్ మార్చి. నీ మైకుకి 3.3 వోల్టులు తెచ్చే తీగ మీద ఒక జారుడు స్విచ్ పెట్టి, ఆ స్విచ్ దాటాకే లైటు కలుపు. మైకుకి కరెంటు అందితే లైటుకీ అందుతుంది. మధ్యలో ప్రోగ్రామ్ అనేదే ఉండకూడదు.

ఒత్తులమ్మాయి
దానికి రాత నేనిస్తా: వింటోంది. వత్తు లేదు చూసుకోండి.

రాత్రి_డ్యూటీ
"వింటోంది" బాగుందమ్మా, కాస్త భయంగా కూడా ఉంది, ఉండాలి కూడా. కానీ ఆ "తీయకు" ఏంటి? డబ్బు పోసి కొన్న డబ్బా నన్ను నువ్వు అంటే ఊరుకుంటానా? మా వార్డులో పేషంట్లకే మీరు అంటాం.

ఒత్తులమ్మాయి
తీయకండి. దానికీ వత్తు లేదు. ఒక అక్షరం, ఒక సున్నా పెరుగుతాయి, అంతే.

డబ్బా_కడుతున్నా
నిన్న ప్రింటరుతో పని కాదని తేలింది. 0.4 మిల్లీమీటర్ల నాజిల్‌తో రెండు మిల్లీమీటర్ల అక్షరం గీస్తే సున్నాలన్నీ పూడిపోయాయి, "నిండింది" కాస్తా ఐదు బొబ్బట్లలా వచ్చింది. అందుకని లేజర్ చెక్కే షాపులో ఒక ముక్క మీద చేయించా. మూడు మిల్లీమీటర్ల ఎత్తు. మా అమ్మ కళ్లజోడు లేకుండా "కరెంటు", "నిండింది", "వింటోంది" చదివింది. "తీయకండి" దగ్గర ఆగి, "ఏం తీయకూడదు?" అంది. ముక్క విడిగా ఉంది కదా, పక్కన కార్డు సందు లేదు. కోఠి అన్న మాటే నిజమన్నమాట.

లెక్కేస్తే: ఎక్కుతుంటే ఒకటి, నిండితే ఒకటి, కార్డుకి ఒకటి, మైకుకి ఒకటి. అన్నీ ఎరుపే. ఎండలో కనబడటానికి మొత్తం కరెంటు ఇచ్చి, కార్డు లైటుని మాత్రం రాత్రిపూట ప్రోగ్రామ్‌తో మసక చేస్తా. వైఫైకి, పవర్‌కి లేవు. మా తమ్ముడికి చూపిస్తే "నాలుగే అని మొదట్నుంచీ అంటున్నా కదా" అన్నాడు. వాడితో వాదించే ఓపిక లేదు.

రాత్రి_డ్యూటీ
అన్నీ ఎరుపే కదా, సరే. కానీ రాత్రంతా ఛార్జింగ్‌లో పెడితే ఆ "నిండింది" తెల్లారేదాకా వెలుగుతూనే ఉంటుందిగా, దాన్ని మసక చేసే ప్రోగ్రామ్ లేదన్నావు. అడ్రస్ పెట్టు తమ్ముడూ, ఒక బొట్టు పాకెట్ పంపిస్తా.