ఎంబీబీఎస్ మొదటి ఏడు తెలుగులో చెప్పాలా, వద్దా?

డిండి వాగు:
నాది దేవరకొండ దిక్కు పల్లె. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ స్కూలు, ఇంటర్ బైపీసీ సర్కారు కాలేజీ, రెండూ తెలుగు మీడియమే. ఏడాది నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్‌ల కూసున్నంక సర్కారు మెడికల్ కాలేజీల సీటొచ్చింది. ఇప్పుడు రెండో సంవత్సరం. మొదటి ఏడు ఎట్ల గడిచిందో నా పానానికే తెలుసు, అందుకే ఈ చర్చ పెడుతున్న.

మధ్యప్రదేశ్‌ల 2022 అక్టోబర్‌ల అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ పుస్తకాలు హిందీల తెచ్చిన్రు. అప్పటి సంది మన దగ్గర కూడ మొదటి ఏడు తెలుగుల చెప్పాలె అనేటోళ్లున్నరు, వద్దనేటోళ్లున్నరు. మా హాస్టల్‌ల గూడ ఇదే లొల్లి. నేను చెప్పాలెనే అంటున్న.

మొదటి ఇంటర్నల్, అనాటమీ వైవా, అంటే నోటి పరీక్ష. ట్రేల బొక్కలు పెట్టిన్రు. సార్ ఒకటి తీసి నా చేతుల పెట్టిండు. హ్యూమరస్. భుజం నుంచి మోచెయ్యి దాక ఉండే బొక్క. చూడంగనే గుర్తుపట్టిన. గుండ్రటి తల లోపలి దిక్కు, పైకి ఉండాలె. ముందర సన్నటి కాలువ, ఎనుక కింది దిక్కు గుంత. అట్ల పట్టుకుంటే ఎడమ చెయ్యిది. రాత్రి రెండింటి దాకా మంచం మీద కూసొని తిప్పి తిప్పి చూసిన బొక్కనే అది. సార్ "హౌ డు యూ నో ఇట్ ఈజ్ లెఫ్ట్?" అన్నడు. నా చెయ్యి బొక్కను సరిగ్గనే పట్టుకుంది, నోరు పెగల్లేదు. "హెడ్... ఇన్‌సైడ్... సార్" అన్న. ఇంకొంచెం సేపు చూసి "నెక్స్ట్" అన్నడు. బయటికొచ్చి మెట్ల మీద కూసొని మొత్తం తెలుగుల నాకు నేనే చెప్పుకున్న. ఒక్క తప్పు పోలేదు.

నా మాట ఏందంటే, పేర్లు ఇంగ్లీషులనే ఉండని. క్లాసు తెలుగుల చెప్పాలె. మొదటి ఆరు నెలలు వైవా జవాబు తెలుగుల చెప్పనియ్యాలె. హ్యూమరస్, రేడియస్ అనే పేర్లు అందరికీ కొత్తయే, కార్పొరేట్ కాలేజీలకెళ్లి వచ్చినోళ్లకు కూడ. పేర్ల నడుమ ఉండే వాక్యమే మాకు రాంది.

పాలమూరు దవాఖాన:
చెల్లీ, నేను కూడా తెలుగు మీడియమే. మాది కోయిల్‌సాగర్ దగ్గర. 1991లో ఎంబీబీఎస్‌లో చేరాను. మీరు పడ్డదంతా పడ్డాను, అయినా మీ మాట ఒప్పుకోను.

పక్కన డిక్షనరీ పెట్టుకొని ఒక పేజీ చదవడానికి గంట పట్టేది. పేజీ పొడవునా పెన్సిల్‌తో తెలుగు అర్థాలు రాసుకునేవాణ్ని. నాలుగైదు నెలలు పోయాక చూస్తే ఆ పెన్సిల్ రాతలు తగ్గిపోయాయి. తెలుగులో చెప్తే ఆ కష్టం పోదు, రెండో ఏడుకు వాయిదా పడుతుంది. పాథాలజీ, ఫార్మకాలజీ, మైక్రోబయాలజీ మొదటి ఏడు కంటే పెద్ద పుస్తకాలు. పీజీ ఎంట్రెన్స్ ఇంగ్లీషులోనే. మందు డబ్బా లోపల మడిచిపెట్టే కాగితం ఇంగ్లీషు. రాత్రి పూట పేషెంట్‌ను హైదరాబాద్‌కు పంపిస్తే రాసిచ్చే రెఫరల్ ఇంగ్లీషు. ఈతకు దిగినప్పుడు బెండు కట్టుకోవచ్చు కానీ, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఆ బెండు విప్పాల్సిందే. మొదటి రోజే విప్పితే మంచిదని నా అనుభవం.

డిండి వాగు:
సార్, మీరు 1991ల చేరిన అన్నరు గదా. అప్పుడు ఫస్ట్ ఎంబీబీఎస్ ఏడాదిన్నర. మెడికల్ కౌన్సిల్ 1997 రూల్స్ వచ్చినంక అది ఏడాది అయ్యింది. మీకు పెన్సిల్ రాతలు తగ్గేటందుకు నాలుగైదు నెలలు పట్టింది, ఆ తర్వాత ఇంకో ఏడాది మిగిలింది. మాకు నాలుగైదు నెలలు పోతే సగం సిలబస్ పోయినట్టే. మూడు సబ్జెక్టులు, ఒక్కోదానికి వంద మార్కుల పేపర్లు రెండు. మొదటి ఏడు పాస్ అయ్యేటందుకు నాలుగు అవకాశాలే. మీరు దాటిన్రు, సంతోషం. మీతోటి చేరి దాటనోళ్లు ఎంతమంది ఉన్నరో మీకు గుర్తున్నదా?

పాలమూరు దవాఖాన:
ఉన్నారు. ఇద్దరు. ఒకతను మా రూమ్మేట్, నాకంటే తెలివైనవాడు. ఏడాదిన్నర సంగతి నేను ఆలోచించలేదు, అది నిజమే. అయినా దానికి మందు తెలుగు పుస్తకం కాదు.

ఉప్పల్ టు నల్లగొండ:
నేను హైదరాబాద్‌లో ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. క్లాసులో నాకు భాష ఇబ్బంది రాలేదు. ఊళ్లో వచ్చింది.

ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రాం అని మాకు మొదటి సంవత్సరం నుంచే కొన్ని కుటుంబాలు అప్పజెప్తారు. మర్రిగూడ వైపు ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాం. "పొద్దుగాల లేస్తే నడుం కట్టెలెక్క అయితది బిడ్డా, మెడ తిరగది, కాళ్లు గుంజుతయి" అన్నాడు. నేను షీట్‌లో "బ్యాక్ పెయిన్" అని రాశాను, అంతే. నా పక్కన ఉన్న అమ్మాయి తెలుగు మీడియం. వైవాలో ఎప్పుడూ తల దించుకొని నిలబడే అమ్మాయి. ఆమె చెప్పు విప్పి గడప దాటి లోపలికి పోయి కింద కూర్చుంది. "తాతా, ఇదివరకు ఏ నీళ్లు తాగేటోళ్లు, బోరువా, బాయివా? ఎన్నేండ్లు తాగిన్రు? ఏదీ, పండ్లు సూపియ్యి" అని అడిగింది. ఆయన నోరు తెరిచాడు. పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు. ఫ్లోరోసిస్, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు. మేం పుస్తకంలో ఫ్లోరైడ్ లీటరు నీళ్లకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు అని బట్టీ పట్టింది ఆ ఇంట్లో మనిషి వెన్నెముకగా నిలబడి ఉంది. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి పేరే నల్లగొండ టెక్నిక్. ఆ పేరు నేను రాయగలను, ఆ ప్రశ్న అడగలేకపోయాను.

క్లాసు తెలుగులో జరగాలా అంటే నాకు తెలియదు. మాలాంటి వాళ్లకు తెలుగు, వాళ్లకు ఇంగ్లీషు, రెండూ నేర్పించాలి అంటాను.

బొక్కల టీచర్:
నేను అనాటమీ చెప్తాను. కాలేజీ పేరు చెప్పను. డిండి వాగు రాసిన వైవా చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను కూడా "నెక్స్ట్" అన్న రోజులున్నాయి. ఒక్క పూటలో 50 మందిని చూడాలి, అలసిపోతాం. అది సమర్థన కాదు.

రెండు ఇబ్బందులు మాత్రం చెప్పాలి. మొదటిది, నా క్లాసులో ఆలిండియా కోటా 15 శాతం. కేరళ, రాజస్థాన్ పిల్లలు కూర్చుంటారు. పూర్తిగా తెలుగులో చెప్తే వాళ్లు గోడ చూస్తూ కూర్చోవాలి. రెండోది, ఏ తెలుగు? ఇంటర్ తెలుగు పుస్తకాల్లో కాలర్ బోన్ జత్రుక. రేడియస్, అల్నా రత్ని, అరత్ని. ఈ మాటలతో నల్లగొండ బస్టాండ్‌లో ఎవరినైనా అడగండి, ఒక్కరికీ తెలియవు. మన పేషెంట్ అనేది మెడబొక్క, ముంజేతి బొక్క. రత్ని నేర్చుకునే కష్టంతో రేడియస్ నేర్చుకోవచ్చు.

కానీ డిండి వాగు పేర్లు మార్చమనలేదు, అది నాకు అర్థమైంది. స్టెర్నోక్లీడోమాస్టాయిడ్ అనగానే పిల్లలు హడలిపోతారు. బోర్డు మీద మూడు ముక్కలు చేసి, "స్టెర్నం అంటే రొమ్ము నడుమ బొక్క, క్లీడో అంటే మెడబొక్క, మాస్టాయిడ్ అంటే ఇదిగో చెవి వెనక గుబ్బ. ముట్టుకోండి. ఈ మూడింటికీ అతుక్కున్న కండ కాబట్టి ఆ పేరు" అని చెప్తే అయిదు నిమిషాలు. అందరూ తమ మెడ తామే తిప్పి, ఉబ్బిన కండ వేళ్లతో పట్టుకొని చూస్తారు. ఆ రోజు ఎవరికీ మీడియం గుర్తుండదు. కేరళ అమ్మాయి కూడా తల తిప్పి చూసుకుంటుంది.

అసలు లోపం ఇంకొకటి. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, అన్నీ గుండ్రాలు నింపేవే. రెండేళ్లు, లాంగ్ టర్మ్ అయితే మూడేళ్లు, ఈ పిల్లలు పేరా రాసింది చాలా తక్కువ. పెద్ద కార్పొరేట్ కాలేజీ నుంచి వచ్చినవాళ్లు కూడా అంతే. మొదటి ఇంటర్నల్ పేపర్లు దిద్దుతుంటే ఇంగ్లీష్ మీడియం పిల్లలవి కూడా తెగిపోయిన వాక్యాలే. వాళ్లకు ధైర్యం ఉంటుంది కాబట్టి బయటపడదు.

లతీఫ్ సాబ్ గుట్ట:
ఒక పాత సంగతి. 1918ల ఉస్మానియా యూనివర్సిటీ పెట్టినప్పుడు చదువు ఉర్దూల. డాక్టరీ సుత ఉర్దూల చెప్పిన్రు. దానికోసం ముందుగాల 1917లనే తర్జుమా దఫ్తర్ పెట్టి పుస్తకాలు రాయించిన్రు. ఆ ఉర్దూ డాక్టర్లే మన తాతల పానాలు కాపాడిన్రు. గప్పుడు అయింది ఇప్పుడెందుకు కాదు?

పాలమూరు దవాఖాన:
అన్నా, మీరే జవాబు చెప్పారు. రాజ్యం ముందుగా పైసలు పెట్టి పుస్తకాలు రాయించింది, తర్వాత చదువు మొదలుపెట్టింది. ఇప్పుడు ఎవరు రాస్తారు? రాసినా మూడేళ్లకు కొత్త ఎడిషన్ వస్తుంది, తెలుగుది పాతబడి ఉంటుంది. 1948 తర్వాత ఆ ఉర్దూ పుస్తకాలు కూడా అట్లనే మూలకు పడ్డాయి.

డిండి వాగు:
నాకు ఇంకో మాట తోస్తుంది. ఉస్మానియా ఉర్దూ మా ఊరోళ్ల భాష కాదు గదా అన్నా. అప్పుడు దవాఖానకు పోయిన మా ముత్తవ్వకు డాక్టర్ మాట అర్థం కాలే, ఇప్పుడు మా అవ్వకు అర్థం కాలే. భాష మారింది, అవ్వ నిలబడే తావు మారలే.

జమ్మిచెట్టు:
పిలగాండ్లారా, ఈ లొల్లి ఇంకెన్ని రోజులు? సర్కారు బళ్లల్ల 2022-23 సంది ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం వచ్చింది. గురుకులాలు అంతకుముందే ఇంగ్లీష్ మీడియం. ఇంకో రెండు మూడేండ్లల్ల తెలుగు మీడియం నుంచి మెడికల్ కాలేజీకి వచ్చేటోళ్లే ఉండరు. రోగం దానంతట అదే పోతుంటే మందెందుకు?

డిండి వాగు:
మా తమ్ముడు ఆ బ్యాచే అన్నా. పుస్తకం ఇంగ్లీషు, సార్ చెప్పేది తెలుగు, పరీక్షల రాసేది బట్టీ. వాని నోటుబుక్కు చూసిన, చేతిరాత ముత్యాల్లెక్క ఉంది. "దీనికి అర్థం ఏందిరా?" అంటే నవ్విండు. మా బ్యాచోళ్లం తెలుగుల అయినా ఆలోచించినం. వాడు వచ్చేనాటికి సర్టిఫికెట్ మీద ఇంగ్లీష్ మీడియం అని ఉంటది, వాడు వైవాల ఆగిపోతే ఎందుకు ఆగిండో గూడ ఎవ్వరికీ తెలువది. నాకు వాని గురించే ఎక్కువ బుగులు.

తండా బిడ్డ:
అందరూ తెలుగు, ఇంగ్లీషు అంటున్నరు. మా ఇంట్ల లంబాడీ. బడికి పోయినంకనే నేను తెలుగు నేర్చుకున్న. నారాయణపేట దిక్కు పోతే పేషెంట్లు కన్నడ మాట్లాడతరు. తెలుగు క్లాసు వచ్చినా నాకు రెండో భాషనే. నాకు కావాల్సింది ఒక్కటే: తప్పు ఇంగ్లీషు మాట్లాడితే నవ్వొద్దు. మా టేబుల్ దగ్గర డిసెక్షన్ చేసేటప్పుడు మా డెమాన్‌స్ట్రేటర్ మేడం "ముందు చూపియ్యి, తర్వాత చెప్పు" అనేది. శవం పాడుగాకుండ పెట్టే ఫార్మలిన్‌కు కండ్లు మండుతుంటే ఫోర్సెప్స్‌తోటి రేడియల్ నర్వ్ అనే చేతి నరం పట్టి చూపించిన. "ఇది తెగితే ఏమైతది?" అన్నది. నేను మాట రాక చెయ్యి ముందుకు చాపి మణికట్టు కాడ వేలాడేసిన. "రిస్ట్ డ్రాప్. అను" అన్నది. అన్న. ఆమె దగ్గర నేను ఇంగ్లీషు నేర్చుకున్న.

బొక్కల టీచర్:
"ముందు చూపించు, తర్వాత చెప్పు." నేను రేపటి నుంచి ఇదే చేస్తాను. వైవాలో మొదటి మార్కులు చేత్తో చూపించినదానికి, తర్వాతి మార్కులు మాటకు. ఇంటర్నల్స్ మా చేతిలోనే ఉంటాయి, దీనికి జీవో అక్కర్లేదు. చేరగానే పెట్టే ఫౌండేషన్ కోర్సులో భాషకు గంటలు కాగితం మీద ఇప్పటికే ఉన్నాయి. చాలా చోట్ల అవి ఉపన్యాసాలకు పోతున్నాయి. వాటిని బొక్క చేతిలో పెట్టి వాక్యం చెప్పించడానికి వాడాలి. కేరళ పిల్లలకు అదే గంటలో "ఎక్కడ గుంజుతుంది, ఎప్పటి సంది?" నేర్పాలి.

డిండి వాగు:
మేడం, అట్ల చేస్తే ఆరు నెలలు తెలుగు జవాబు అనే మాట నేను ఎనుకకు తీసుకుంట. క్లాసు తెలుగుల గూడ చెప్పాలె అనేది మాత్రం తియ్య.

పాలమూరు దవాఖాన:
నేను ఇంకా ఒప్పుకోలేదు. కానీ 2016 దాకా ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఒక్క సర్కారు మెడికల్ కాలేజీ లేదు. మహబూబ్‌నగర్, తర్వాత నల్లగొండ, సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్, 2024లో గద్వాల, నారాయణపేట, యాదాద్రి. ఇన్ని కాలేజీలు పెట్టింది ఈ పిల్లల కోసమే అయితే, మా రూమ్మేట్ లాంటివాడు మళ్లీ బస్సెక్కి ఇంటికి పోకూడదు. ఆదివారాలు నేను మహబూబ్‌నగర్‌లో ఖాళీ. ఎవరైనా పిలిస్తే వచ్చి కూర్చుంటాను.

కొత్త సీటు:
అక్కా, నాకు ఈసారి సీటొచ్చింది. తెలుగు మీడియం. వచ్చే సోమవారం చేరాలె. ఇదంతా రెండుసార్లు చదివిన, భయం ఇంక ఎక్కువైంది. ఆ బొక్క గురించి సార్‌కు ఏం చెప్పాల్సి ఉండెనో అది రాసి పెడుతవా?

డిండి వాగు:
రాసుకో తమ్ముడూ. "సార్, దిస్ ఈజ్ ద లెఫ్ట్ హ్యూమరస్. ద హెడ్ ఈజ్ అట్ ద అప్పర్ ఎండ్. ఇట్ ఫేసెస్ మీడియల్లీ. ద ఇంటర్‌ట్యూబర్క్యులార్ సల్కస్ ఈజ్ ఇన్ ఫ్రంట్. ద ఓలిక్రేనన్ ఫాసా ఈజ్ బిహైండ్, అట్ ద లోయర్ ఎండ్." అయిదు చిన్న వాక్యాలు. అద్దం ముంగట నిలబడి గట్టిగ అను. చేతుల బొక్క లేకుంటే చపాతీ కర్ర పట్టుకో.

కొత్త సీటు:
సల్కస్ అంటే ఏందక్కా?

డిండి వాగు:
రెండు గుబ్బల నడుమ సన్నటి కాలువ. సోమవారం బోన్ సెట్ దొరకంగనే బొటనేలు దాంట్ల పెట్టి పైనుంచి కిందికి గీసి చూడు. సరిగ్గ పడుతది.