రికార్డింగ్ ప్రొడ్యూసర్ చేసేది కళా, కనికట్టా?

శ్రోత_విజయవాడ:
డెకా రికార్డుల కంపెనీ ప్రొడ్యూసర్ జాన్ కల్షా 1946లో రికార్డు అట్టల మీద వ్యాసాలు రాసే పనిలో చేరారు. 1958 నుంచి 1965 దాకా వియన్నాలోని సోఫియన్‌సాల్ హాల్లో, ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్‌గా షోల్టీ ఉండగా, జర్మన్ స్వరకర్త వాగ్నర్ 'రింగ్' కథలోని నాలుగు ఒపేరాలూ (సంగీత నాటకాలు) రికార్డు చేయించారు. కథలో చివరి ఒపేరాలో నాయకుడు జీగ్‌ఫ్రీడ్ మాయ శిరస్త్రాణం పెట్టుకుని గుంతర్ అనే మరో పాత్ర రూపంలో వచ్చే చోట, గాయకుడి గొంతును యంత్రంతో మార్చేశారు. స్టేజీ మీద అలా వినపడదు కదా. ఇది సంగీతమేనా?

సభలో_ముందు_వరుస:
నా దృష్టిలో కనికట్టే. నాలుగుసార్లు పాడించి, బాగున్న ముక్కలు అతికిస్తే ఆ పాట ఎవరిది? 1952లో మరో ప్రొడ్యూసర్ వాల్టర్ లెగ్ వాగ్నర్ ఒపేరా 'ట్రిస్టన్' రికార్డు చేసినప్పుడు, 56 ఏళ్ల గాయని ఫ్లాగ్‌స్టాడ్ కోసం బాగా పై స్థాయిలోని 'సి' స్వరాలు రెండు మరో గాయని ష్వార్జ్‌కోఫ్ చేత పాడించారు. అట్ట మీద ఆ మాటే లేదు.

కొలిమి_పక్క_ఇల్లు:
రెండిటినీ ఒకే గాటన కట్టకండి. స్వరం అరువు తెచ్చుకున్నారంటే అర్థం చేసుకోగలను, వినేవాళ్ల దగ్గర దాచడం మాత్రం తప్పే. కల్షా పని వేరు. జీగ్‌ఫ్రీడ్ అక్కడ మార్చిన గొంతుతో, కాస్త బొంగురుగా పాడాలని వాగ్నరే స్కోరులో రాశారు. 'రింగ్' మొదటి ఒపేరా 'రైన్‌గోల్డ్'లో దేవతల రాజు వోటన్ పాతాళానికి దిగేటప్పుడు 18 దాగలులు మోగాలనీ రాశారు. కల్షా 18 నిజమైన దాగలులే తెప్పించారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఆర్కెస్ట్రా అణిగిపోయి ఒట్టి ఇనుప దెబ్బలే మిగులుతాయి. మా ఇంటి పక్కనే కమ్మరి కొలిమి ఉండేది. సుత్తి పైకి లేచాక కూడా గాలిలో ఒక సన్నటి గింగురు నిలిచేది. అది ఈ రికార్డులో విని నాకు ఒళ్లు జలదరించింది. వాగ్నర్ కాగితం మీద అడిగింది చెవిదాకా తెచ్చిన మనిషిని కళాకారుడు అనకుండా ఎలా ఉంటాం?

సభలో_ముందు_వరుస:
గొంతు మార్పు, దాగలుల సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ అతికింపుల మాట మీరు దాటేశారు. కచేరీలో అనుపల్లవి దగ్గర శ్రుతి కాస్త జారితే, చరణానికి వచ్చేసరికి గాయకుడు ఎలా నిలదొక్కుకుంటాడా అని ఊపిరి బిగబట్టి వింటాను. నాకు అదీ పాటే. అతికించిన టేపులో అది ఎక్కడ దొరుకుతుంది?