గిటార్ బ్యాండ్‌లోకి సింథ్, హార్న్స్ వచ్చాక శ్రుతి కుదరట్లేదు

తీగలోడు: రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్ ఉన్న బ్యాండ్. కొత్తగా హార్న్స్ (ట్రంపెట్, టెనర్ శాక్స్, ట్రాంబోన్), ఒక అనలాగ్ సింథ్ చేరాయి. పాటలన్నీ ఇ (E), ఎ (A) మేజర్ స్కేళ్లలోనే. రెండో పాటకల్లా హార్న్స్ శ్రుతి పెరిగిపోతోంది. కోరస్‌లో సింథ్ బ్రాస్ ప్యాచ్ (హార్న్స్‌లా మోగేలా అమర్చిన ధ్వని) కలిస్తే అంతా ముద్ద. స్కేల్ మార్చాలా, ప్యాచ్ మార్చాలా?

ఊదుడుగొట్టం: రెండూనండి. వాయిద్యం చల్లగా ఉండగా శ్రుతి చేస్తే, ఊదేకొద్దీ లోపలి గాలి వేడెక్కి శ్రుతి పైకి పోతుంది. సింథ్ శ్రుతి అలా ఊపిరితో పెరగదు. ఓ పది నిమిషాలు ఊదాక సింథ్‌లో బి ఫ్లాట్ పట్టి ఉంచండి. ట్రంపెట్, ట్రాంబోన్ వాళ్లు ట్యూనింగ్ స్లైడ్, శాక్స్ వాళ్లు మౌత్‌పీస్ సర్దుకుంటారు. మధ్యలో హార్న్స్ లేని పాట వస్తే మళ్లీ దిగుతుంది. తమ వంతుకు ముందు, శబ్దం రాకుండా గొట్టంలోకి వెచ్చటి ఊపిరి వదలాలి.

ఇక ట్రంపెట్, టెనర్ బి ఫ్లాట్ వాయిద్యాలు, వాళ్లు మనకంటే ఒక టోన్ పై స్కేల్‌లో చదివి వాయించాలి. అంటే మన ఇ మేజర్ వాళ్లకి ఎఫ్ షార్ప్, ఆరు షార్పులు! గిటార్లు, బేస్ ఒక సెమీటోన్ (అర స్వరం) దించండి. మీ వేళ్ల పట్లు అవే, వాళ్లకి మాత్రం ఎఫ్ మేజర్, ఒక్క ఫ్లాట్. ఎ పాటలు వాళ్లకి బి ఫ్లాట్ అవుతాయి. గిటార్ తీగలు వదులైతే 9 సెట్ తీసి, కాస్త లావుగా ఉండే 10 వేయండి.

నాబ్‌తిప్పు: ముద్దకి అసలు కారణం ప్యాచే. రెండు ఆసిలేటర్ల (ధ్వని పుట్టించే భాగాల) సా వేవ్‌లని కాస్త డీట్యూన్ చేసి, అంటే శ్రుతి తేడా పెట్టి, ఫిల్టర్ అటాక్ (ధ్వని తెరుచుకోడానికి పట్టే సమయం) 50 మిల్లీసెకన్లు పెట్టడం ఒంటరి సింథ్‌కి బాగుంటుంది. నిజం ట్రంపెట్ పక్కన అదే శ్రుతి తేడాలా, ఆలస్యంలా వినిపిస్తుంది. ఒక ఆసిలేటర్ ఆపేసి అటాక్ 10 లోపు దించండి. ఇంకా మంచిది, హార్న్స్ ఉన్నచోట బ్రాస్ ప్యాచ్ మానేసి, ఫిల్టర్ మూసిన ప్యాడ్ (వెనక మెత్తగా సాగే ధ్వని) పట్టండి, 200 హెర్ట్జ్ కింద కోసేసి. 1981లో జెనెసిస్ ‘అబకాబ్’ ఆల్బమ్‌కి ఎర్త్, విండ్ అండ్ ఫైర్ హార్న్స్ బృందాన్ని తెచ్చుకున్నా, వాడింది ‘నో రిప్లై ఎట్ ఆల్’ అనే ఒక్క పాటలోనే. ప్రతి కోరస్‌కీ హార్న్స్ అక్కర్లేదు.

తీగలోడు: మేం దించితే సింథ్‌లో ట్రాన్స్‌పోజ్ మైనస్ 1 (అన్ని కీలూ ఒక సెమీటోన్ కిందికి) పెడితే చాలా?

నాబ్‌తిప్పు: పనిచేస్తుంది. కానీ శ్రుతి చూసుకునేటప్పుడు బి ఫ్లాట్ కీ నొక్కితే ఎ మోగుతుంది, అందరూ దానికే సర్దుకుంటారు. సింథ్ వాయించేవాళ్లు ఇ ఫ్లాట్‌లో నేర్చుకోవడమే నయం.

ఊదుడుగొట్టం: ఒకటి మరిచాను. డిస్టార్షన్ గిటార్లో కార్డ్‌లోని మేజర్ థర్డ్ (మూడో స్వరం) గరగరమంటుంది. గిటార్లకి రూట్ (మొదటి స్వరం), ఫిఫ్త్ (ఐదో స్వరం) చాలు. థర్డ్ టెనర్‌కి వదిలేయండి.