అరకు ఫ్లాట్‌లో సవర బొమ్మల గోడ: వేయించొచ్చా, కూడదా?

లోయ_పిల్ల: అరకులోయలో మా పై అంతస్తు ఫ్లాట్‌కి ఇంటీరియర్ చేయిస్తున్నాం. మాడ్యులర్ కిచెన్, తెల్ల గోడలు, స్ట్రిప్ లైట్లు వైజాగ్ డిజైనర్ చూసుకుంటున్నాడు. ఇల్లు హోటల్ గదిలా కాకుండా ఈ కొండల్లో ఇల్లులా ఉండాలని నా కోరిక. టీవీ వెనక గోడంతా ఎర్రమట్టి రంగు మీద, సవర తెగవాళ్ళు గోడల మీద వేసే తెల్ల బొమ్మలున్న వాల్‌పేపర్ వేద్దామంటున్నాడు. షెల్ఫుల్లో ఏటికొప్పాక లక్క బొమ్మలు. మీరేమంటారు?

వడ్రంగి_బాబాయ్: వాల్‌పేపర్ వద్దమ్మా. అరకులో వానాకాలం, ఆ తర్వాత చలికాలం పొగమంచు. గోడ ఆరదు. వినైల్ షీటు వెనక తేమ చేరి అంచులు లేస్తాయి, చింపి చూస్తే నల్లగా బూజు. కిచెన్‌కి కూడా ఎమ్‌డీఎఫ్, అదే చెక్క పీచు నొక్కి చేసే బోర్డు, ఒప్పుకోకు, ఉబ్బిపోతుంది. 710 మార్కున్న వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్డే అడుగు.

కొండగాలి: ఐడియా బాగుంది. ఫొటోలు పెట్టండి.

సీతంపేట_సవర: అక్కా, బూజు సంగతి తర్వాత. మా ఊళ్ళో ఆ బొమ్మ అలంకారం కాదు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తేనో, చనిపోయినవాళ్ళు కలలోకి వస్తేనో, పూజారి చెప్పాక లోపలి గోడని ఎర్రమట్టితో అలికి, బియ్యప్పిండితో వేస్తారు. ముందు చతురస్రం గీస్తారు, అది ఆత్మకి ఇల్లు. అందులో మనుషులు, గుర్రాలు, ఏనుగులు, సూర్యచంద్రులు. తర్వాత ఆత్మని పిలిచి అక్కడ కూర్చోబెడతారు. దాని ముందు మీరు టీవీ పెడతారా?

ఇంకో మాట. మా మేనమామని ఒక రిసార్టువాళ్ళు పిలిపించి గోడ మీద వేయించుకున్నారు. కూలి లెక్కన ఇచ్చారు. తర్వాత ఆ గోడ ఫొటో తీసి మిగతా గదులన్నిటికీ ప్రింటు కొట్టించారు. మళ్ళీ పిలవలేదు. మీ డిజైనర్ దగ్గరున్న ఫైలు ఎవరి చెయ్యో అడగండి.

పాత_పుస్తకాలు: పవిత్రం కాబట్టి ముట్టుకోకూడదంటే ఒప్పుకోను. గిరిజనుల మీద పుస్తకాలు రాసిన వెరియర్ ఎల్విన్ 1950ల్లోనే ఈ బొమ్మల్లో సైకిళ్ళు, విమానాలు చూసి రాశాడు. ఆత్మ కూడా విమానం ఎక్కాలని సవరలే గీశారు. పాతదాన్ని, కొత్తదాన్ని కలపడం డిజైనర్లు కనిపెట్టింది కాదు.

సీతంపేట_సవర: విమానం గీసింది మేము. మీరు కాదు.

చట్టం_తెలుసు: అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు. అరకు షెడ్యూల్డ్ ఏరియా. 1959 భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరించాక, అదే 1/70, గిరిజనేతరులు అక్కడ సెంటు భూమి కూడా కొనకూడదు. మరి ఈ ఫ్లాట్ ఎవరి పేరు మీద ఉంది? బినామీ ఇంట్లో గిరిజన కళ!

లోయ_పిల్ల: నోరు అదుపులో పెట్టుకోండి. మేమూ గిరిజనులమే, కొండదొర తెగ. మా తాత స్థలంలో మా నాన్న కట్టిన బిల్డింగ్ ఇది. కొండమీదవాళ్ళకి ఫ్లాట్, మాడ్యులర్ కిచెన్ ఉంటే బినామీయేనా? మట్టిల్లు, పెంకులు ఉంటేనే నమ్ముతారా?

వడ్రంగి_బాబాయ్: కొత్త బిల్డింగా? ప్లాస్టరింగ్ ఎప్పుడైంది? ఒక వేసవైనా ఎండకపోతే రంగు కూడా నిలబడదు.

సీతంపేట_సవర: 1/70 మాటకి నేనూ మీవైపేనక్కా. కానీ మీరు కొండదొరలైతే నా ప్రశ్న ఇంకా పెద్దది. సవర బొమ్మ మీదెలా అయింది? మాకో భాష ఉంది, గిడుగు రామమూర్తి గారు 1938లోనే నిఘంటువు అచ్చువేశారు. మీ డిజైనర్‌కి మాత్రం అంతా ‘ట్రైబల్ థీమ్’. పక్కన ఏటికొప్పాక బొమ్మలు కూడా అందుకే. ఆ అంకుడు కర్ర కొండది గానీ, లక్క పూసేవాళ్ళు మైదానంలో వరాహ నది ఒడ్డున ఉంటారు.

లోయ_పిల్ల: తమ్ముడూ, ఆశ్రమ పాఠశాలలో మా గదిలో బగతలు, వాల్మీకులు, కోటియాలు, నేను. టౌను కాలేజీకెళ్తే అందరికీ ఒకటే పేరు, ‘ఏజెన్సీవాళ్ళు’. నా డబ్బా విప్పి రాగిజావ చూసి నవ్వినప్పుడు నీది ఏ తెగ అని ఎవరూ అడగలేదు. తిట్లు కలిపి తిన్నాం. ఇప్పుడు గోడ మీద గర్వంగా పెట్టుకునే రోజొస్తే నీది వేరు, నాది వేరు అంటావా? మా ఇంట్లో బొమ్మలు వేసేవాళ్ళు ఎవరూ లేరు. మా అమ్మమ్మ ఎర్రమట్టితో అలికి, కింద జానెడు మేర నల్ల పట్టీ వేసేది, అంతే. దాన్ని చూపిస్తే డిజైనర్ ‘ఇందులో ఏముంది మేడమ్’ అన్నాడు.

సీతంపేట_సవర: అందులోనే ఉంది. ఆ ఎర్ర గోడ, నల్ల పట్టీ వేయించండి, అది మీది. తిట్లు కలిపి తిన్న మాట నిజం. ప్రింటు డబ్బులు మాత్రం మనలో ఎవరికీ రాలేదు. మా ఇంట్లో ఇప్పుడు చర్చికి వెళ్తున్నాం, గోడ మీద బొమ్మ లేదు. మేనమామ గుడ్డ మీద వేసి అమ్మబట్టే ఆ చెయ్యి ఇంకా ఆడుతోంది. అమ్మడం తప్పంటే ఆయన పొయ్యి వెలగదు. చేత్తో వేసింది కొనండి, కింద ఆయన పేరు, ఊరు ఉండనివ్వండి.

పాత_పుస్తకాలు: మరి పొద్దున చెప్పిన ఆత్మ సంగతి?

సీతంపేట_సవర: గుడ్డ మీద వేసినప్పుడు పిలవరు. అందుకే అది అమ్ముతారు.

వడ్రంగి_బాబాయ్: గుడ్డైతే ఫ్రేముకి వెనక నాలుగు మూలలా చెక్క ముక్కలు కొట్టించమ్మా, గోడకి వేలెడు ఎడం ఉండాలి. గాలి ఆడకపోతే అదీ బూజే.

లోయ_పిల్ల: వాల్‌పేపర్ మానేస్తా, గుడ్డ కొంటా. మీ మేనమామ ధరెంతో అడిగి చెప్పు, బేరమాడను. కానీ హాల్లోనే పెడతాను, ఎర్రమట్టి గోడ మీదే, మా అమ్మమ్మ పట్టీకి పైన. రెండూ ఒకే గోడ మీద ఉండకూడదంటే మాత్రం వినను.

సీతంపేట_సవర: టీవీ తీసేస్తారా?

లోయ_పిల్ల: తీయను.