ఇంగ్లిషులో బయాలజీ: పాఠం చెప్పాలా, భాష నేర్పాలా?

ప్రశ్న (బయాలజీ టీచరు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, తెలంగాణ):
మన ప్రభుత్వ బడుల్లో 2022-23లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మొదలైన ఇంగ్లిషు మీడియం ఇప్పుడు పదో తరగతికీ వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిషులో, ఎదుటి పేజీ తెలుగులో ఉంటుంది. మొన్న ఆకులో పిండిపదార్థ పరీక్ష చేయించాను. స్పిరిటులో వేడిచేసి పత్రహరితం పోగొట్టిన ఆకుపై అయోడిన్ చుక్కలు వేయగానే నీలి నలుపు రంగు వచ్చింది. ఆ రంగు ఎందుకు వచ్చిందో పిల్లలు తెలుగులో గడగడా చెప్పారు. రికార్డులో రాయమంటే మాత్రం గైడులోని వాక్యాలు దించేశారు. ఇంగ్లిషు పీరియడు నాది కాదు కదా, నేనేం చేయాలి?

జవాబు 1 (ఇంగ్లిషు టీచరు):
మేడమ్, పదాల జాబితా కన్నా వాక్యాల అచ్చులు ఇచ్చి చూడండి. ‘వెన్ వి యాడెడ్..., ఇట్ టర్న్డ్...’, ‘దిస్ షోస్ దట్...’ అనే రెండూ బోర్డు మీద ఉంచి, ముందు ఇద్దరిద్దరిని తెలుగులోనే మాట్లాడుకోనిచ్చి, ఆ తరువాత ఖాళీలు నింపించండి. తరువాతి ప్రయోగంలో ఆకుకు నల్ల కాగితం చుట్టి ఎండలో పెట్టిస్తారు, కప్పిన భాగం నీలి నలుపుగా మారదు కనుక ‘డిడ్ నాట్ టర్న్’ అవసరం దానంతటదే వస్తుంది. నా పీరియడులో అదే వ్యతిరేక వాక్యాన్ని ఊరికే చెబితే ఒక్కరికీ పట్టదు.

జవాబు 2 (విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు):
ఉపాయం మంచిదే కానీ, దీన్ని యూరప్ పద్ధతితో కలిపి చూడవద్దు. సబ్జెక్టునూ పరాయి భాషనూ కలిపి నేర్పే ఆ పద్ధతికి 1994లో డేవిడ్ మార్ష్ అనే విద్యావేత్త ‘క్లిల్’ అని పేరు పెట్టారు. అందులో సాధారణంగా ఒకటి రెండు సబ్జెక్టులనే పరాయి భాషలో చెబుతారు, మిగతా చదువు సొంత భాషలో సాగుతుంది. ఇటలీ 2010 సంస్కరణల్లో ఉన్నత మాధ్యమిక విద్య చివరి ఏడాదికి ఒక సబ్జెక్టును అలా నిర్దేశించింది. మన దగ్గర తెలుగు, హిందీ పాఠాలు తప్ప అన్నీ ఒక్కసారిగా మారిపోయాయి. మలేషియా 2003లో గణితం, సైన్సులను ఇంగ్లిషులోకి మార్చి, పల్లె పిల్లలు వెనకబడుతున్నారన్న ఆందోళన పెరగడంతో 2009లో ఆ విధానాన్ని విరమించుకోవాలని నిర్ణయించింది.

ప్రశ్న అడిగినవారు:
సార్, మీడియం నిర్ణయం నా చేతిలో లేదు, రికార్డు దిద్దడం ఒక్కటే ఉంది. ఈ రోజు అచ్చులు ఇచ్చి చూశాను. ఒక అబ్బాయి ‘డిడ్ నాట్ టర్న్డ్’ అని రాసినా, కారణం మాత్రం కాగితం వల్ల వెలుతురు అందలేదని సరిగ్గా చెప్పాడు. సైన్సుకు పూర్తి మార్కులు వేసి, ‘టర్న్డ్’ కింద పెన్సిలుతో గీత గీశాను.